పాత ప్లైవుడ్ పడవ: ఎపాక్సీ అక్కడక్కడా అంటుకుంటోంది, అడుగు మెత్తబడింది

ప్రశ్న:
మా బృందం 12 అడుగుల తెడ్ల పడవ ఒకటి బాగుచేస్తోంది. అడుగు 6 మి.మీ. ప్లైవుడ్. వెనుక పలక దగ్గర స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగిపోతోంది. పక్క పలకకు ఎపాక్సీతో (రెజిన్, హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురు) గ్లాస్ క్లాత్, అంటే గాజునార బట్ట, వేసి రెండు రోజులైంది. చాలావరకు గట్టిపడింది కానీ మచ్చలు మచ్చలుగా వేలికి అంటుకుంటోంది, బట్ట కింద బుడగలు కూడా ఉన్నాయి. పైన ఇంకాస్త హార్డెనర్ పూస్తే సరిపోతుందా? అడుగు మొత్తం మార్చాలా?

జవాబు 1:
హార్డెనర్ జోలికి వెళ్లకండి. పాలియెస్టర్ రెజిన్‌కి నాలుగు చుక్కలు ఎక్కువేస్తే త్వరగా బిగుస్తుంది, ఎపాక్సీకి ఆ లెక్క చెల్లదు. రెజిన్, హార్డెనర్ రెండూ కొలత ప్రకారం కలిస్తేనే గట్టిపడతాయి. ఏది ఎక్కువైనా ఆ మిగులు అలాగే ఉండిపోతుంది.

మొత్తం ఒకే తీరున మెత్తగా ఉంటే నిష్పత్తినో చలినో అనుమానించాలి. మచ్చలుగా ఉందంటే సరిగ్గా కలవలేదు. కలిపిన కప్పు అంచుల్లో, అడుగున కలవని రెజిన్ నిలిచిపోతుంది. చివరి బొట్టు దాకా గీకి పూసినచోట ఇలా అవుతుంది. జిగట భాగాన్ని స్క్రేపర్‌తో గీకేయండి, బట్ట కింద కూడా మెత్తగా ఉంటే అంతమేర కోసి తీసేయండి. దానిమీద రంగు వేస్తే అదీ ఆరదు.

ఇకమీదట అంచులు గీకుతూ రెండు నిమిషాలు కలిపి, ఇంకో శుభ్రమైన కప్పులోకి వంచి మళ్లీ కలపండి. పరిమాణం లెక్కన 2:1 అని రాసి ఉన్నదాన్ని తూకం వేసి 2:1 కలపకండి, రెండింటి సాంద్రత ఒకటి కాదు. పదిమంది పనిచేసేచోట కలిపే మనిషి ఒక్కరే ఉండాలి, ఆ మనిషి బ్రష్ ముట్టుకోకూడదు. విడతకు 200 గ్రాములు చాలు. కలిపాక కప్పులోనే ఉంచితే వేడెక్కి పొగలొస్తాయి, వెంటనే వెడల్పాటి ట్రేలో పోసేయండి. నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. ఒకసారి ఎపాక్సీ అలర్జీ పట్టుకుంటే ఆ మనిషి ఇక ఈ పనికి దూరమే.

జవాబు 2:
బుడగల సంగతి. ఉదయం పూశారేమో. ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి, తడి రెజిన్‌లోంచి బయటికి తన్నుకొస్తుంది. సాయంత్రం, వేడి తగ్గుతున్నప్పుడు వేస్తే చెక్కే రెజిన్‌ని లోపలికి పీల్చుకుంటుంది. ఉన్న బుడగలను కోసి, గరుకు చేసి, చిన్న ముక్క బట్ట వేయండి. శాండ్‌పేపర్ పట్టేముందు గట్టిపడిన ఉపరితలాన్ని నీళ్లతో, స్క్రబ్ ప్యాడ్‌తో కడగాలి. కొన్ని హార్డెనర్లు పైన మైనంలాంటి పొర వదులుతాయి. కడగకుండా రుద్దితే కాగితం పూడుకుపోతుంది, తర్వాతి పూత పట్టదు.

జవాబు 3:
అడుగు మొత్తం మార్చనక్కర్లేదు. స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ వెళ్లండి, టకటకమనే చోట చెక్క బాగున్నట్టు, మొద్దుగా మోగితే పుచ్చినట్టు. బాగున్న చెక్క తగిలాక ఇంకో రెండు అంగుళాలు వదిలి కోయండి. మెత్తబడ్డ చెక్కలోకి పల్చని రెజిన్ పోసి గట్టిపరచడం అడుగు భాగానికి నేను ఒప్పుకోను.

కోసినచోట కొత్త ప్లై ముక్కను ఏటవాలుగా అతకాలి, వాలు 8:1. అంటే 6 మి.మీ. ప్లైకి 48 మి.మీ. మేర రెండింటి అంచులకూ రందా పట్టాలి. పొరలు వరుస గీతల్లా కనిపిస్తాయి, అవి తిన్నగా వస్తే వాలు సరిగ్గా వచ్చినట్టే. చెక్క పూర్తిగా ఆరాక, ముందు రెండు అంచులకూ చిక్కపరచని ఎపాక్సీ పూయండి. కోసిన అంచు జిగురంతా తాగేసి అతుకు ఎండిపోకుండా ఉండటానికే ఇది. ఆపైన సిలికా పొడి కలిపిన చిక్కటి ముద్ద. క్లాంపులు మెల్లగా బిగించండి, గట్టిగా నొక్కితే జిగురంతా బయటికొచ్చేస్తుంది. జిగురు కిందికి అంటుకోకుండా ప్లాస్టిక్ షీట్ మరవొద్దు.

ఆ మూల పుచ్చడానికి కారణం చాలావరకు నిలిచిన వాననీరే. ప్లై అంచులకు ఎపాక్సీ మూడు పూతలు వేయండి, అడ్డు చెక్కల కింద నీరు పారే రంధ్రాలు పూడిపోయాయేమో చూడండి.

ప్రశ్న అడిగినవారు:
పాత ఇత్తడి స్క్రూలు మళ్లీ వాడొచ్చా?

జవాబు 3:
ఉప్పునీటి పడవైతే వద్దండి. ఇత్తడిలోని జింకు కరిగిపోయి స్క్రూ ఎర్రబడి పెళుసవుతుంది, తిప్పగానే తల ఊడొస్తుంది. సిలికాన్ బ్రాంజ్ (సిలికాన్ కలిపిన రాగి మిశ్రమలోహం) స్క్రూలు వాడండి. నీటిమట్టం పైనైతే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ పర్లేదు.