గట్టు పక్క సాళ్లకే పేనుబంక, చేనంతా మందు కొట్టాలా?

ప్రశ్న: వరి కోసిన మాగాణిలో దున్నకుండా మొక్కజొన్న వేశాను, రెండెకరాలు. కోత ఆలస్యమై విత్తనం జనవరిలో పడింది. ఇప్పుడు జల్లు (మొక్క కొసన మగపూత) వస్తోంది. కాలువ గట్టు వైపు ఏడెనిమిది సాళ్లలో జల్లు నిండా పేనుబంక (రసం పీల్చే సన్న పేలు), ఆకులన్నీ జిగురు. లోపల పెద్దగా లేదు. మందుల కొట్టాయన చేనంతా కొట్టమంటున్నాడు.

పెద్దాయన: ఆగు తమ్ముడూ. గట్టు మీద ఏముంది? ఆ పక్క యూరియా ఎంత పడింది?

ప్రశ్న వేసినాయన: తుమ్మచెట్లు, నడుమెత్తు గడ్డి జొన్న ఉన్నాయన్నా. యూరియా ఆ పక్క రెండుసార్లు పడింది, కూలీలు చూసుకోలేదు.

పెద్దాయన: ఇంకేం. జొన్న జాతి గడ్డి మీద బతికిన పేనే మొక్కజొన్నకూ ఎక్కుతుంది. రెక్కలొచ్చిన పేలు గాలికి కొట్టుకొచ్చి, చెట్లు గాలిని ఆపిన చోట దిగుతాయి. మగపేను అక్కర్లేకుండానే పిల్లల్ని పెడతాయి కాబట్టి నాలుగు దిగినా చాలు. యూరియా మితిమీరిన మొక్క రసం వాటికి విందు. పైగా నీది ఆలస్యపు పైరు. ముందు వేసిన చేలు ముదిరిపోతుంటే, లేతగా ఉన్న నీ చేను మీదికే వస్తాయి.

ఇంకో రైతు: గట్టంతా గడ్డిమందు కొట్టి పారేస్తే సరి.

పెద్దాయన: అది మాత్రం ఒప్పుకోను. గడ్డి జొన్న వరకు కోసెయ్, అదీ పూత రాకముందు. గట్టున అలసంద ఉంటే ఉంచు. దాని పేను వేరు, మొక్కజొన్నకు రాదు. ఆ పేనును తిని పెరిగిన అక్షింతల పురుగులు మాత్రం నీ చేలోకొస్తాయి. వాటి పిల్లలు నల్లగా, బుల్లి మొసళ్లలా ఉంటాయి. మావాళ్లు అవే తెగులనుకుని నలిపేసేవాళ్లు!

ఇప్పుడైతే లోపల అక్కడక్కడా ఇరవై మొక్కలు చూడు. పేను తక్కువుండి అక్షింతల పురుగు కనిపిస్తే లోపల ముట్టుకోకు. గట్టు సాళ్లకే డైమిథోయేట్ లీటరు నీటికి 2 మి.లీ., అదీ సాయంత్రం. పొద్దున జల్లు మీద తేనెటీగలుంటాయి.

ప్రశ్న వేసినాయన: చూశానన్నా. ఇరవైలో మూడింటికే ఉంది, మొసళ్లు కూడా కనిపించాయి. గట్టు పక్క పది సాళ్లకే కొట్టించాను. మిగిలిన డబ్బా తిరిగిస్తే కొట్టాయన మొహం మాడ్చుకున్నాడు.