కన్సల్టింగ్‌లో చేరే తేదీ వాయిదా పడింది, ఈలోగా ఇంకో ఉద్యోగం పట్టొచ్చా?

ఫిబ్రవరి కోసం (ప్రశ్న):

కన్సల్టింగ్ ఆఫర్ మీద సంతకం పెట్టి చాలా రోజులైంది. నాకు కావలసిన ఉద్యోగం అదే, అందులో రెండో మాట లేదు. జూలైలో చేరాలి. పోయిన వారం మెయిల్ వచ్చింది: వ్యాపార అవసరాల దృష్ట్యా మీ జాయినింగ్ ఫిబ్రవరికి మార్చాం, మీ ఉత్సాహానికి ధన్యవాదాలు అని. నా ఉత్సాహం సంగతి వాళ్లకెలా తెలిసిందో గానీ, ఈ మధ్యలో నేనెలా బతకాలన్న ఊసు మాత్రం మెయిల్లో ఎక్కడా లేదు. చదువు లోన్ ఈఎంఐ మొదలైపోతోంది కాబట్టి ఖాళీగా కూర్చునే వీలు లేదు.

చేతిలో రెండున్నాయి. మొదటిది ఒక మధ్యరకం సాఫ్ట్‌వేర్ కంపెనీలో బిజినెస్ అనలిస్ట్, పర్మనెంట్. జీతం బాగుంది. అక్కడి టీమ్ హెడ్ ఇంటర్వ్యూ చివర్లో "రెండేళ్లలో ఈ టీమ్ నువ్వే చూసుకోవాలి" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. వేరే ఆఫర్ ఉందా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

రెండోది ఒక గోదాములో ఐదు నెలల కాంట్రాక్టు. ఆర్డర్లు ఎందుకు లేటవుతున్నాయో చూసి రోజూ రిపోర్టు ఇవ్వాలి. జీతం మొదటిదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. నా సీటు కూడా చూపించారు: లారీలు లోడ్ చేసే చోటుకి ఆనుకుని ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఎదురుగా వైట్‌బోర్డు. బోర్డు మీద లారీ నంబర్లు రాస్తారు, సాయంత్రం దాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు, ఇంకెవరో ఆ ఫోటో చూసి ఎక్సెల్‌లో ఎక్కిస్తారు. ఈలోపు బోర్డు తుడిచేస్తే ఆ రోజు లెక్క గల్లంతే.

ఫ్రెండ్స్ అందరిదీ ఒకటే మాట: మొదటిది పట్టు, ఫిబ్రవరి రాగానే పేపర్లు వేసెయ్, ఎవరు మాత్రం అలా చేయట్లేదు అని. డబ్బు లెక్కన వాళ్లు చెప్పేది తప్పు కాదు. కానీ ఆయన మాట గుర్తొస్తే చేయి ముందుకు రావట్లేదు. ఇంకో భయం: కన్సల్టింగ్ వాళ్లకి ఈ సంగతి తెలిస్తే ఆఫర్‌కే ఎసరొస్తుందా? ఇలాంటిది దాటొచ్చినవాళ్లు చెప్పండి.

మాజీ డెక్ మేస్త్రి:

కన్సల్టింగ్‌లో మేనేజర్‌గా చేసి బయటికొచ్చినవాణ్ణి. ముందు వాయిదా ఎందుకు పడుతుందో తెలిస్తే మీ టెన్షన్ కొంత తగ్గుతుంది. అక్కడ ఆదాయమంతా మనుషుల గంటలమీదే. క్లయింటుకి బిల్లు వేయగలిగిన గంటల శాతాన్ని యుటిలైజేషన్ అంటారు. ప్రాజెక్టులు తగ్గి, ఉన్నవాళ్లు కూడా మానకపోతే బెంచీ, అంటే ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్నవాళ్ల జాబితా, నిండుతుంది. అప్పుడు అందరికంటే తేలిగ్గా ఆపగలిగేది ఇంకా చేరనివాళ్లనే. మీలో లోపమేమీ లేదు. 2023లో బెయిన్ వంటి పెద్ద కన్సల్టింగ్ సంస్థే కొత్తవాళ్లని 2024 ఏప్రిల్ దాకా ఆగమని అడిగింది. ఎంబీఏ చేసినవాళ్లు ఈలోగా స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తే 40,000 డాలర్ల దాకా ఇస్తామంది కూడా. అందుకని మీరూ మొహమాటం లేకుండా అడగండి: స్టైపెండ్ ఉందా, లేకపోతే జాయినింగ్ బోనస్‌లో కొంత ముందే ఇస్తారా? అడిగినంత మాత్రాన ఆఫర్ పోదు.

ఒకసారి జరిగిన తేదీ మళ్లీ జరగొచ్చు. పని ఎక్కువైతే "వచ్చే నెలే రండి" అని ఫోనూ రావచ్చు. కాబట్టి ఏ ఉద్యోగమైనా నోటీస్ పీరియడ్ చిన్నదిగా ఉండాలి.

ఇక నా సొంత పక్షపాతం. నేనైతే ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాను. ఓటిఫ్ అనే కొలత వినే ఉంటారు: ఆర్డరు చెప్పిన టైముకి, పూర్తిగా వెళ్లిందా లేదా అని. ఒక్కో వస్తువు స్టాకులో దొరికే అవకాశం 95 శాతం అనుకోండి. గోదాము మేనేజర్ గర్వంగా ఆ 95 చూపిస్తాడు. కానీ పది రకాల వస్తువులున్న ఆర్డరు మొత్తం పూర్తిగా వెళ్లే అవకాశం 0.95ని పదిసార్లు గుణిస్తే వచ్చేది, అంటే 60 శాతానికి కొంచెం తక్కువ. కస్టమర్ తిట్టేది ఆ 60ని చూసి. ఇద్దరి లెక్కా కరెక్టే, గొడవ మాత్రం తెగదు. కన్సల్టింగ్‌వాళ్లు ఒక వ్యాపార సమస్య ఇచ్చి విప్పమనే కేస్ ఇంటర్వ్యూల్లో ఇది రెండు నిమిషాల లెక్క. నిజంగా సాయంత్రం ఆరింటికి సగం నిండిన లారీ పక్కన నిలబడి, పంపాలా ఆపాలా అని ఎవరు తేలుస్తున్నారో చూడటం వేరు. నా టీముల్లోకి వచ్చిన కొత్తవాళ్లలో ఇలాంటిది చూసినవాళ్లు క్లయింటు ముందు తడబడేవారు కాదు. టైటిల్ ఏదన్నది నేనెప్పుడూ పట్టించుకోలేదు.

ఆఫర్ లెటర్ల మనిషి:

హెచ్ఆర్‌లో ఆఫర్లు, వెరిఫికేషన్ చూస్తుంటాను. మీ రెండో భయానికి జవాబు: ఈలోగా పనిచేయడం వల్ల ఆఫర్ పోవడం నేను చూడలేదు. దాచినందుకు పోవడం చూశాను. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారంలో పాత ఉద్యోగాలన్నీ రాయమంటారు. చిన్నదే కదా అని వదిలేసిన ఉద్యోగం జీతం రికార్డుల్లో బయటపడితే, అడిగేది ఉద్యోగం గురించి కాదు, ఎందుకు రాయలేదని.

రిక్రూటర్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టండి. ఇంత చాలు: "వాయిదా వేసిన కాలంలో ఫలానా చోట ఫలానా తేదీ వరకు కాంట్రాక్టు పని చేయాలనుకుంటున్నాను. మీ పాలసీ ప్రకారం అభ్యంతరాలేమైనా ఉంటే తెలియజేయగలరు." ఫోన్‌లో సరే అన్నా, మెయిల్లో జవాబు తెప్పించుకోండి.

మీ సంస్థ ఆడిట్ కూడా చేసేదైతే ఇంకో మెలిక ఉంది. మీరు చేయబోయే కంపెనీ వాళ్ల ఆడిట్ క్లయింటేమో వాళ్లు చూసుకోవాలి, ఆడిట్ చేసేవాళ్లకి ఆ కంపెనీతో సొంత లావాదేవీలు ఉండకూడదన్న స్వతంత్రత నియమాలు గట్టిగా ఉంటాయి. అక్కడ షేర్లు తీసుకుంటే అవి కూడా చెప్పాలి, అమ్మేయమనొచ్చు.

కాంట్రాక్టు పేపర్లలో పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు, ట్రైనింగ్ బాండ్, నోటీస్ కాలం చూడండి. పర్మనెంట్ ఉద్యోగాల్లో నోటీసు తరచూ రెండు మూడు నెలలు ఉంటుంది. జూలైలో చేరి ఫిబ్రవరికి బయటపడాలంటే నవంబర్‌లోనే పేపర్లు వేయాలి. అంటే పని నేర్చుకోవడం అయ్యీ కాకముందే. "ఫిబ్రవరి రాగానే" అన్న మీ ఫ్రెండ్స్ ఈ లెక్క వేసినట్టు లేదు.

మిగిలిపోయిన టీమ్ లీడ్:

నేను వేరే కంపెనీలో అలాంటి టీమ్ హెడ్ కుర్చీలోనే ఉన్నవాణ్ణి, అటువైపు సంగతి చెప్తాను. ఇలాగే ఒకరు నాలుగో నెలలో వెళ్లిపోయారు. ముందే చేతిలో ఆఫర్ ఉందని తర్వాత తెలిసింది. ట్రైనింగ్ వృథా అయినందుకు నాకంత బాధ లేదు. ఆ పోస్టుకి రెండో స్థానంలో ఉన్న మనిషికి "సారీ" చెప్పి పంపేశాను, మంచి కేండిడేట్. మళ్లీ తీసుకుందామంటే అప్పటికి హైరింగ్ ఆపేశారు, పోస్టే పోయింది. ఏడాదంతా ఆ పని మిగతావాళ్లం పంచుకున్నాం. ఎవరు మాత్రం చేయట్లేదు అనే మీ ఫ్రెండ్స్‌కి ఈ రెండో కేండిడేట్ కనపడడు.

మీరు ఆయనకి చెప్పేయండి. వద్దంటారేమో. లేదా ఆరు నెలల పని విడిగా ఉంటే కాంట్రాక్టు మీద రమ్మంటారేమో. నేనైతే ఆ కాంట్రాక్టు సంగతే అడిగేవాణ్ణి.

ఫిబ్రవరి కోసం:

అందరికీ థ్యాంక్స్. నవంబర్ లెక్క నిజంగా నాకు తట్టలేదు. టీమ్ హెడ్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. కాంట్రాక్టు మీద వీలవుతుందా అని అడిగితే బడ్జెట్ లేదన్నారు. "ఇప్పుడైనా చెప్పావు, ఇంకొకరికి ఈ రోజే ఆఫర్ పంపుతాను" అని పెట్టేశారు. కోపంగానే ఉన్నట్టు అనిపించింది, ఉండనీండి.

రిక్రూటర్ జవాబు రెండో రోజే వచ్చింది. గోదాము పనికి అభ్యంతరం లేదు, చేరే ముందు రెండు వారాలు ఖాళీ పెట్టుకోండి అన్నారు. స్టైపెండ్ లేదు గానీ జాయినింగ్ బోనస్‌లో కొంత ముందే ఇస్తారట. అది అడగొచ్చని మేస్త్రి గారు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. కాకపోతే చేరకపోతే తిరిగి కట్టాలన్న షరతు పెట్టారు, దాంతో పేచీ లేదు. ఈఎంఐకి గోదాము జీతం చాలుతుంది, మిగిలేది పెద్దగా ఉండదు.

సోమవారం నుంచి గోదాము. మేస్త్రి గారూ, మొదటి వారంలో ఏం చూడమంటారు?

మాజీ డెక్ మేస్త్రి:

మొదటి వారం ఎక్సెల్ ముట్టకండి. ఆ వైట్‌బోర్డుని మీరే గంటకోసారి ఫోటో తీసి పెట్టుకోండి. లారీ వచ్చిన టైము, లోడింగ్ మొదలైన టైము, గేటు దాటిన టైము, ఈ మూడూ విడివిడిగా కావాలి. చాలాచోట్ల ఒక్కటే రాస్తారు, మిగతా రెండూ సాయంత్రం గుర్తున్నంతలో నింపేస్తారు. ఇంకొకటి, బోర్డు తుడిచేది ఎవరో కనుక్కుని వాళ్లతో ముందు స్నేహం చేసుకోండి.