ఫ్రేజల్ వర్బ్స్: లిస్టు బట్టీ కొట్టాల్నా, అప్-ఆఫ్-అవుట్ గుట్టు పట్టాల్నా?

నక్కలగుట్ట:
క్రియకు అప్, ఆఫ్, అవుట్ లాంటి చిన్న ముక్క తగిలి వేరే అర్థం వస్తే దాన్ని ఫ్రేజల్ వర్బ్ అంటరు. హన్మకొండల జిరాక్స్ సెంటర్లకు పోతే ‘500 ఫ్రేజల్ వర్బ్స్, తెలుగు అర్థాలతో’ లాంటి కట్టలు దొరుకుతయి. వాటిని చూసి నవ్వేటోళ్లు మస్తుమంది ఉన్నరు. కానీ కేంద్ర కొలువులకు పెట్టే ఎస్సెస్సీ సీజీఎల్ పరీక్ష మొదటి దశ, టయర్-1ల ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. ‘కాల్ ఆఫ్’ అంటే రద్దు, ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా అని టక్కున తట్టాలె. ‘చదువుకుంట పో, అదే వస్తది’ అనేటోళ్లు పరీక్ష తారీఖు చూడరు. నేనైతే బట్టీయే అంట. మీరేమంటరు?

కాజీపేట జంక్షన్:
కట్టలో మాటకు ఒక్కటే అర్థం రాసి ఉంటది, గొడవ అక్కడే. ‘గో ఆఫ్’ తీసుకో భాయ్. అలారం వెంట్ ఆఫ్ అంటే మోగింది. లైట్స్ వెంట్ ఆఫ్ అంటే ఆరిపోయినయి. ద మిల్క్ హాజ్ గాన్ ఆఫ్ అని బ్రిటిషోడంటే పాలు పాడైనయి. 2007లో గార్డ్‌నర్, డేవిస్ అనే పరిశోధకులు లెక్క తీస్తే, ఎక్కువగా వాడే 100 ఫ్రేజల్ వర్బ్స్‌కు వర్డ్‌నెట్ అనే ఇంగ్లిష్ పదకోశంలో 559 అర్థాలు తేలినయి. నీ 500కు ఎన్నవుతయో నువ్వే లెక్క వేసుకో.

నన్నడిగితే అప్, ఆన్, అవుట్ లాంటి చివరి ముక్కను పట్టుకోవాలె. మనకేం కొత్త కాదిది. తిను, తినెయ్. తాగు, తాగెయ్. ఆ ‘ఎయ్’ పనిని మొత్తం ఒడగొడుతది. ఈట్ అప్, డ్రింక్ అప్, యూజ్ అప్‌లో ‘అప్’ చేసేదీ అదే. క్యారీ ఆన్, కీప్ ఆన్‌లో ‘ఆన్’ ఆగకుండా నడిపిస్తది. రన్ అవుట్, సెల్ అవుట్, డై అవుట్‌లో ‘అవుట్’ అంటే ఒడిసిపోవుడు. తోక దొరికితే సగం జంతువు దొరికినట్టే.

పోచమ్మ మైదాన్:
తోక పట్టుకుంటే తన్నే జంతువులు కూడ ఉన్నయి అన్నా. నీ ‘ఎయ్’నే చూడు. కొట్టిండు అంటే దెబ్బ. బండి కొట్టేసిండు అంటే దొంగతనం. లేచింది వేరు, లేచిపోయింది వేరు. ఆ రెండూ కలిపితే ఇంటిముందట పంచాయితీ అయితది. గట్లనే ‘గివ్ అప్’లో అప్ పనిని పూర్తి చెయ్యదు, విడిచిపెట్టిస్తది. ‘మేక్ అప్’ అంటే లేని కథ అల్లుడు, అలక తీరి కలుసుడు, రెండూ. ఫిల్ ఇన్ ద ఫామ్, ఫిల్ అవుట్ ద ఫామ్: ముక్కలు ఎదురెదురు, అర్థం మాత్రం ఒక్కటే. నేర్చినదాన్ని తగిలించుకోనీకి ఆ తోక కొక్కెం లెక్క పనికొస్తది. కొత్తదాని అర్థం ఊహించనీకి దాన్ని నమ్మితే మునుగుతం.

మానేరు ఒడ్డు:
అందరూ అర్థం దగ్గరే ఆగిపోయారు. మాట్లాడేటప్పుడు దొరికిపోయేది ‘ఇట్’ ఎక్కడ పెట్టాలన్న దగ్గర. టర్న్ ఆఫ్ ద ఫ్యాన్, టర్న్ ద ఫ్యాన్ ఆఫ్, రెండూ ఒప్పే. ఫ్యాన్ బదులు ‘ఇట్’ వచ్చిందా, మధ్యలోనే కూర్చోవాలి: టర్న్ ఇట్ ఆఫ్. ‘టర్న్ ఆఫ్ ఇట్’ తప్పు. ‘లుక్ ఆఫ్టర్’ అయితే విడదు, కాబట్టి లుక్ ఆఫ్టర్ హిమ్. తెలుగు అర్థం ఒక్కటే రాసుకుంటే ఈ తేడా ఎప్పటికీ కనబడదు. ప్రతి మాటనూ ‘ఇట్’తోనో ‘హిమ్’తోనో కలిపి రాసుకోవాలి.

వినేటప్పుడు తడబడేది సంధి వల్ల. టర్న్ ఇట్ ఆఫ్ అని మూడు ముక్కలుగా ఎవరూ పలకరు, ‘టర్నిటాఫ్’ అంటారు. పిక్ ఇట్ అప్ ‘పికిటప్’ అవుతుంది. నొక్కు చివరి ముక్క మీద పడుతుంది. రాముడతడు అంటే విడదీసి రాముడు, అతడు అని చెప్పగలిగే మనకు ఇది పెద్ద పని కాదు, కానీ కంటితో చదివిన కట్ట చెవికి ఆ సాయం చెయ్యదు.

అన్నట్టు, ‘లుక్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అని మెయిల్స్‌లో రాయకండి. ‘టు’ తర్వాత ద హాలిడేస్ పెట్టి చూడండి, కుదురుతుంది. నామవాచకం కుదిరినచోట మీటింగ్ యూ అనాలి.

నక్కలగుట్ట:
ఇట్ సంగతి నా కట్టల లేదు మేడం, ఒప్పుకుంట. మరి ఎన్ని నేర్వాలె? నంబర్ చెప్పుండ్రి.

కాజీపేట జంక్షన్:
150. వాడుక లెక్కలు చూసి 2015లో గార్నియర్, ష్మిట్ అనేటోళ్లు అన్నే ఏరిండ్రు, తరచుగా వచ్చే అర్థాలు మాత్రమే ఉంచిండ్రు. రోజుకు మూడు చొప్పున 50 రోజులు. అదే రోజు రాత్రి, మూడో రోజు, వారానికి, నెలకు మళ్లీ చూడాలె. చూసుడంటే చదువుడు కాదు, అర్థం వైపు మూసి వాక్యం చెప్పుడు.

నీ కట్టలో అసలు తప్పు ఇంకొకటుంది. ‘ఆఫ్’లన్నీ ఒక్క పేజీలో ఉంటయి. కాల్ ఆఫ్, పుట్ ఆఫ్ ఒక్కరోజే నేరిస్తే ఏది రద్దో ఏది వాయిదానో పరీక్షలో ఒకదాని మీద ఒకటెక్కి కూర్చుంటయి. దగ్గరి అర్థాలకు మధ్యలో వారం ఎడం ఉండాలె. ముందు కాల్ ఆఫ్‌ను మ్యాచ్, సమ్మె, మీటింగ్‌తో రాసుకో, అది కుదిరినంక పుట్ ఆఫ్.

వాక్యానికి ఎవరు కర్తనో కూడ రాసుకో. ‘పెట్రోల్ ఈజ్ రన్ అవుట్’ తప్పు. ‘వుయ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ పెట్రోల్’ ఒప్పు. ట్రైన్, బస్సు అయితే గెట్ ఆన్, గెట్ ఆఫ్. ఆటో, కారైతే గెట్ ఇన్, గెట్ అవుట్. లోపల నిలబడి నడిచే జాగా ఉన్నదా అని చూస్తే చాలావరకు తెలుస్తది.

పోచమ్మ మైదాన్:
ఇడియమ్స్, అంటే జాతీయాల సంగతి కూడ తేల్చుండ్రి. కుండపోత వానకు ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అనుడు మాటల్లో వినుడు అరుదు, ‘ఇట్స్ పోరింగ్’ అంటే సరిపోతది. దానికంటె ఫోన్ మాటలు నేర్వుడు నయం. ఫోన్ కట్ చేసిండు అంటే ‘హి హంగ్ అప్’. సిగ్నల్ పోయి తెగితే ‘వుయ్ గాట్ కట్ ఆఫ్’. మొదటిదాంట్ల కోపం ఉండొచ్చు, రెండోదాంట్ల టవర్ది తప్పు.

మానేరు ఒడ్డు:
రెజ్యూమేలో ‘పాస్డ్ అవుట్ ఇన్ 2023’ కూడా అంతే. మన దగ్గర చదువు పూర్తయిందనే అర్థం, బయటి దేశంలో చదివేవాళ్లకు ముందు తట్టేది స్పృహ తప్పడం. ‘గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2023’ అని రాయండి. ‘కోప్ అప్ విత్’ అని కూడా రాస్తున్నారు, అందులో ‘అప్’ లేదు.

నక్కలగుట్ట:
సరే. కట్ట పారెయ్య గానీ, కత్తెరతోని కోసి చీటీలు చేస్త. కాల్ ఆఫ్ ఈ వారం, పుట్ ఆఫ్ వచ్చే వారానికి వాయిదా. క్యాట్స్ అండ్ డాగ్స్ చీటీ మాత్రం ఉంచుతున్న, పేపర్ తీసేటోళ్లు దాన్ని ఎప్పుడు అడుగుతరో నమ్మలేం.