హంగరీ వేడినీటి బావులు: వాడిన నీటిని ఇసుకరాయిలోకి తిరిగి పంపడం ఎలా?

హంగరీలో 30 డిగ్రీలు దాటిన బావి నీరంతా థర్మల్ వాటర్ కిందే లెక్క. అక్కడి సెంతెష్ పట్టణం దగ్గర సుమారు 2 కిలోమీటర్ల లోతు నుంచి 90 డిగ్రీల దాకా వేడితో వచ్చే నీళ్లు ముందు గ్రీన్‌హౌస్ పైపుల్లోకి, కాస్త చల్లారాక పంటల మీద కప్పే ప్లాస్టిక్ టన్నెళ్లకు వెళ్తాయి. తోడటం తేలికే, తంటా అంతా వెనక్కి పంపడంలోనే. అక్కడి ఇసుకరాయి వదులు రకం. సన్నటి బంకమట్టి, సున్నపు పొలుసులు, బ్యాక్టీరియా జిగురు చేరి రంధ్రాలు పూడిపోతాయి. అదే ప్రవాహానికి పంపు ఒత్తిడి పెరుగుతూ పోతుంది.

ఇలాంటి రాతికి ఫిల్టర్ ఎన్ని మైక్రాన్లది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పెట్టాలి? ఒత్తిడి పెరగ్గానే ప్రవాహం తగ్గిస్తే సరిపోతుందా, బావిని వెనక్కి తోడి కడగాలా? యాసిడ్‌కి సున్నం కరుగుతుంది గానీ బంకమట్టి ఓ పట్టాన వదలదు. దానికేం వాడుతున్నారు?