డైవింగ్‌ను మనం ఏమనాలి? తొండి, నకరాలు, దొంగ పడుడు

గ్రూపులో అందరికీ నమస్తే. ఫుట్‌బాల్ అనగానే దాటిపోకండి, నేను అడిగేది మాట గురించే. ఆటగాణ్ణి ఎవరూ తాకకపోయినా కాలు విరిగినట్టు కిందపడి, రెండు పొర్లు పొర్లి, రెఫరీ వైపు చేతులు చాపి పెనాల్టీ (గోల్‌కీపర్ ఒక్కడే అడ్డుండగా గోల్ మీదికి తన్నే అవకాశం) అడుగుతాడు చూడండి, ఆ పనికి తెలుగులో ఏం పేరు పెడదాం? హన్మకొండలో మేం కొందరం కలిసి మ్యాచ్‌లు చూస్తాం, ప్రతి కప్పు మ్యాచ్‌కీ ఈ లొల్లి అవుతూనే ఉంటుంది, ఎప్పటికీ తెగదు.

పేపర్లో, టీవీలో ‘డైవ్’ అనే కనిపిస్తుంది. కానీ క్రికెట్ పుణ్యాన మనకు డైవ్ అంటే మెచ్చుకునే మాట అయిపోయింది. ‘సూపర్ డైవ్’ అంటే ఫీల్డర్ ఒళ్ళు దాచుకోకుండా బంతి మీదికి దూకాడని. ఫుట్‌బాల్‌లోనూ గోల్‌కీపర్ డైవ్ చేస్తే చప్పట్లు, ఫార్వర్డ్ డైవ్ చేస్తే తిట్లు. కొత్తగా ఆట చూస్తున్నవాళ్ళకు ఇది చెప్పేసరికి తల ప్రాణం తోకకొస్తోంది. రూల్స్ పుస్తకంలో 12వ నియమం కింద దీన్ని ‘సిమ్యులేషన్’ అన్నారు, రెఫరీని మోసం చేయడానికి ఫౌల్ జరిగినట్టు, దెబ్బ తగిలినట్టు నటిస్తే ఎల్లో కార్డు. ఆ మాట కాగితం మీద బాగానే ఉంటుంది, గ్రౌండ్‌లో నోటికి రాదు.

వేరే భాషలవాళ్ళు ఎంత చక్కగా పెట్టుకున్నారో చూడండి. జర్మన్లు ‘ష్వాల్బె’ అంటారు, అది నేలకు దగ్గరగా రెక్కలు చాపి ఎగిరే ఒక చిన్న పిట్ట పేరు. స్పానిష్‌లో ‘పిసినాసో’, అంటే స్విమ్మింగ్ పూల్‌లోకి దూకుడు. జర్మనీ ఆటగాడు క్లిన్స్‌మన్‌కు డైవర్ అని పేరు పడింది కాబట్టి, 1994 ఆగస్టులో ఇంగ్లండ్‌లో టాటెన్‌హామ్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టి, పరిగెత్తుకుంటూ వెళ్ళి పొట్ట మీద గడ్డిలో జారాడు. అన్నవాళ్ళ నోళ్ళు ఆ ఒక్క పనితో మూయించాడు. నాకు ఆ గోల్ కన్నా ఆ జారుడే ఇష్టం.

నా ఓటు ‘దొంగ పడుడు’ అనే మాటకు. మీ అభిప్రాయాలు రాయండి.

జవాబు, కరీంనగర్ నుంచి: అన్నా, ఇంత ఆలోచన ఎందుకు, మనకు ‘తొండి’ ఉంది కదా. గోటీలాటలో, చిర్రగోనెలో చిన్నప్పటి నుంచీ అన్న మాటే. తొండి చేసిండు, తొండాట ఆడిండు అంటే చిన్నపిల్లకు కూడా అర్థమవుతుంది.

జవాబు, మంచిర్యాల నుంచి: నేనైతే ‘నకరాలు’ అంటాను. 2018 ప్రపంచ కప్పులో బ్రెజిల్ ఆటగాడు నెయ్మార్ పొర్లుతుంటే మా ఇంట్లో అందరి నోటా వచ్చిన మాట అదే.

కరీంనగర్ తమ్మీ, తొండి నాకూ ప్రాణమైన మాటే, కానీ అది చాలా పెద్ద మాట. ఔటై కూడా కాలేదనడం తొండి, గీత జరపడం తొండి, ఓడిపోతున్నప్పుడు ఆట ఆపేసి బంతి తీసుకొని ఇంటికి పోవడం కూడా తొండే. పైగా తొండి అనేది రెఫరీ లేని ఆటలో పుట్టిన మాట, అక్కడ మోసపోయేది ఎదుటివాడు, తీర్పు చెప్పేదీ వాడే, అందుకే ఆ మాటలో అంత కోపం ఉంటుంది. ఫుట్‌బాల్‌లో ఎదుటి డిఫెండర్‌కు నిజం తెలుసు. వాడు మోసపోడు, వాడి కళ్ళముందే మూడో మనిషి మోసపోతాడు. ఆ నిస్సహాయత తొండిలో రాదు.

మంచిర్యాల అక్కా, నకరాలు అంటే వయ్యారం, బెట్టు, లేనిపోని వేషాలు. పిల్ల అన్నం తినకపోతే కూడా నకరాలు చేస్తోందంటాం. అందులో నేరం లేదు. నెయ్మార్‌కు ఆ మాట నప్పింది నిజమే, ఎందుకంటే ఆ పొర్లాటలో చాలాసార్లు ముందు నిజంగానే తన్ను పడింది, ఆ మీదటిది నకరం. కానీ పెనాల్టీ కాజేసి మ్యాచ్ గెలిచినవాణ్ణి నకరాలు చేశాడని వదిలేస్తే వాడికి తక్కువ శిక్ష వేసినట్టే.

‘దొంగ’ ఎందుకన్నానంటే, తెలుగులో ఒంటితో చేసే అబద్ధానికి ముందు పెట్టే మాట అదే. దొంగ నిద్ర, దొంగ ఏడుపు, బడి ఎగ్గొట్టడానికి దొంగ కడుపునొప్పి. వీటన్నిటిలో చేసేవాడు ఒకడు, నమ్మాల్సినవాడు ఇంకొకడు. దొంగ పడుడు ఆ వరసలో దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. పడడం అనే చోట పడుడు అని మన వైపు ఎలాగూ అంటాం.

జవాబు, హుజూరాబాద్ నుంచి: బాబూ, నేను తెలుగు చెప్పినవాణ్ణి కాబట్టి ఒక అడ్డుపుల్ల వేస్తున్నాను. ‘దొంగ’కు రెండు అర్థాలున్నాయి. దొంగ నిద్రలో నిద్ర అబద్ధం. కానీ దొంగ చూపులో చూపు నిజమే, ఎవరికీ తెలియకుండా చూస్తారంతే. దొంగ దెబ్బ కూడా నిజం దెబ్బే, చాటుగా కొట్టింది. మరి దొంగ పడుడు అంటే చాటుగా పడడం అనుకోరా?

సార్, మీ ప్రశ్నే ఈ చర్చకు అసలు సరుకు. నాకు తోచింది ఇది. చాటుగా చేయడానికి వీలున్న పనికి ‘దొంగ’ చేరితే చాటు అనే అర్థం వస్తుంది, చూపు, దెబ్బ అలాంటివి. ఎవరో ఒకరు చూస్తేనే ఫలితం ఉండే పనికి చేరితే అబద్ధం అనే అర్థం వస్తుంది. ఏడుపు ఎవరూ వినకపోతే దొంగ ఏడుపు ఎందుకు? పెనాల్టీ బాక్స్‌లో, అంటే ఫౌల్ జరిగితే పెనాల్టీ వచ్చే గోల్ ముందు గీతల్లో, పడేవాడు వీలైనంత పెద్దగా అరిచి, చేతులు గాలిలోకి లేపి మరీ పడతాడు, చాటు అనే మాటే లేదు. అందుకే ఇక్కడ తికమక రాదనుకుంటున్నాను. ఇంకో లాభం కూడా ఉంది, రెఫరీ చూడనప్పుడు చేసే మోసానికి దొంగ దెబ్బ సిద్ధంగా ఉంది. 2014 ప్రపంచ కప్పులో ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ ఇటలీ డిఫెండర్ కియెల్లిని భుజం కొరికాడు, రెఫరీ చూడలేదు, కార్డు కూడా రాలేదు, తర్వాత తొమ్మిది అంతర్జాతీయ మ్యాచ్‌ల నిషేధం పడింది. అది దొంగ కాటు. అదే కప్పులో నెదర్లాండ్స్ ఆటగాడు రాబెన్ చేసింది దొంగ పడుడు. రెండూ ఒకే ‘దొంగ’, రెండు అర్థాలు, మన భాష రెండింటినీ మోస్తోంది.

రాబెన్ సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కప్పు మ్యాచ్‌లో ఇది ఎంత నొప్పి పెడుతుందో అక్కడ కనిపిస్తుంది. నెదర్లాండ్స్, మెక్సికో, ప్రిక్వార్టర్స్, ఓడితే ఇంటికి పోయే నాకౌట్ మ్యాచ్. 88వ నిమిషం దాకా మెక్సికో గెలుస్తోంది. స్కోరు సమమైంది, ఆఖరి నిమిషాల్లో రాబెన్ బాక్స్‌లో పడ్డాడు, పెనాల్టీ, 2-1, మెక్సికో ఇంటికి. మ్యాచ్ అయ్యాక రాబెన్ తనే ఒప్పుకున్నాడు, మొదటి సగంలో ఒకసారి కావాలనే పడ్డానని, ఆఖరిది మాత్రం నిజం ఫౌలేనని. ఎవరు నమ్ముతారు? మెక్సికోలో ‘నో ఎరా పెనాల్’, అంటే అది పెనాల్టీ కాదు అనే మాట ఊరూరా పాకింది, ఇప్పటికీ అన్యాయం జరిగిన ప్రతి చోటా అదే వాడతారు. ఒక తప్పుడు పడుడు, తర్వాతి నిజం పడుడును కూడా అబద్ధం చేసేసింది. లీగ్‌లో అయితే వచ్చే వారం ఇంకో మ్యాచ్ ఉంటుంది, నాకౌట్‌లో వచ్చే వారం ఉండదు. మనం చావో రేవో అంటామే, నిజంగా రేవుకు చేరేలోపు ఎవరో కాలుపట్టి లాగినట్టు ఉంటుంది.

అదే నాకౌట్ చిన్నవాడికి అవకాశం కూడా ఇస్తుంది కాబట్టి కప్పంటే నాకు అంత పిచ్చి. 2013లో విగన్ అనే చిన్న క్లబ్బు ఇంగ్లండ్‌లోని ఎఫ్‌ఏ కప్పు ఫైనల్‌లో మాంచెస్టర్ సిటీని 1-0తో కొట్టి, మూడు రోజులకే ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పడిపోయింది. పడినా కప్పు వాళ్ళదే.

జవాబు, కాజీపేట నుంచి: దొంగ పడుడు బాగుంది అన్నా, కానీ బ్రెజిల్ ఆటగాడు రివాల్డో లాంటోళ్ళను ఏమంటవ్? 2002లో టర్కీ ఆటగాడు తన్నిన బంతి తొడకు తగిలితే ముఖం పట్టుకొని పడ్డడు. పడుడు దొంగదే, దెబ్బ నిజమే, చోటు మాత్రం అబద్ధం.

దానికి నా దగ్గర ఒక్క మాట లేదు తమ్మీ. ‘ఓవర్ యాక్షన్’ అని అందరం అనేదే వాడుకోవచ్చు, కానీ ఆ ఓవర్ యాక్షన్‌కు అవతలివాడు, హకాన్ ఉన్సాల్, రెడ్ కార్డు తీసుకొని బయటికి పోయాడు, రివాల్డోకు జరిమానాతో సరిపోయింది. ఇక అన్నిటికన్నా ఘోరం 1989లో చిలీ గోల్‌కీపర్ రోహాస్ చేసింది. మరకానా స్టేడియంలో బ్రెజిల్‌తో ప్రపంచ కప్పు క్వాలిఫయర్, చిలీ 1-0తో వెనకబడింది, స్టాండ్స్ నుంచి ఒక మంట పక్కన పడింది, ఆయన గ్లవ్‌లో దాచుకున్న బ్లేడుతో తన తల తనే కోసుకొని దెబ్బ తగిలినట్టు పడిపోయాడు. ఫొటోలు బయటపెట్టాయి. చిలీని 1994 ప్రపంచ కప్పుకు దూరం పెట్టారు, ఆయనకు జీవితకాల నిషేధం, అది 2001లో ఎత్తేశారు. ఇక్కడ రక్తం నిజం, గాయం నిజం, అయినా మొత్తం దొంగదే. దీనికి దొంగ పడుడు చాలదు, మోసం అనే పెద్ద మాటే రావాలి. అందుకే చిన్నదానికి కూడా మోసగాడు, ద్రోహి అనేయకండి అని మా బ్యాచ్‌తో గొడవపడతాను, పెద్ద మాటలు ముందే ఖర్చయిపోతే ఇలాంటప్పుడు ఏం వాడతాం?

జవాబు, జగిత్యాల నుంచి: ద్రోహి అన్నారు కాబట్టి అడుగుతున్న. క్లబ్బు విడిచిపెట్టినోళ్ళను ఏమనాలె? మా పిల్లలు ‘జంప్ అయిండు’ అంటరు. ‘పోయిండు’ అంటే పెద్దోళ్ళు ఉలిక్కిపడుతున్నరు, చచ్చిపోయిండేమో అని.

ఇది విడిగా పోస్టు పెట్టదగ్గ ప్రశ్న. ఊరి పేరు చెప్పకుండా ‘పోయిండు’ అంటే చావు, ఊరి పేరు చెప్తే ప్రయాణం, మన దగ్గర లెక్క అంతే. దుబాయ్ పోయిండు, భీవండి పోయిండు. మీ జగిత్యాలలో, సిరిసిల్లలో, నిజామాబాద్‌లో గల్ఫ్‌కో బొంబాయికో మనిషి పోని వాడ ఉందా? పొట్ట చేతపట్టుకొని పోయినవాణ్ణి ఏ ఊరూ ద్రోహి అనలేదు, పండక్కి వస్తే ఎదురెళ్ళి తీసుకొచ్చుకుంది. ఆటగాడూ కూలి చేసుకునేవాడే, పదిపన్నెండేళ్ళలో మోకాళ్ళు అరిగిపోతాయి, జీతం ఎక్కడుంటే అక్కడికి పోతాడు.

మన హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రంతా ఇలా పోయినవాళ్ళదే. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు కొట్టిన ఊరు మనది, ఆ తర్వాత మంచి ఆటగాళ్ళు కలకత్తా దారి పట్టారు. మహమ్మద్ హబీబ్ 1966లో ఈస్ట్ బెంగాల్‌కు పోయారు, తర్వాత మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్, మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు. 1977లో పెలే ఉన్న కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ 2-2 డ్రా చేసుకున్న మ్యాచ్‌లో ఒక గోల్ ఆయనదే. ఒకరికొకరు బద్ధశత్రువులైన క్లబ్బుల అభిమానులు ఆయన్ను ‘బడే మియా’ అని పిలుచుకున్నారు. ఆయనకు జంప్ అనే మాట వాడగలమా? 2022 మార్చిలో కేరళ మీద పెనాల్టీ షూటౌట్‌లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆటగాళ్ళు కూడా క్లబ్బుకు డబ్బు కష్టాలు వచ్చాక ఒక్కొక్కరే వేరే చోట్లకు పోయారు. నాకు బాధ ఉంది, కోపం లేదు. వాళ్ళను ‘పోయినోళ్ళు’ అని కాకుండా ‘వేరే ఊరు పోయినోళ్ళు’ అంటాను, ఆ ఒక్క మాట కలిపితే చావు వాసన పోతుంది.

జవాబు, కాజీపేట నుంచి: మరి ఫిగో? బార్సిలోనా నుంచి సీదా దాని బద్ధశత్రువు రియల్ మాడ్రిడ్‌కే పోయిండు కదా అన్నా.

అది వేరే తమ్మీ, దానికి మన రాజకీయాలు ఎప్పుడో పేరు పెట్టాయి, కండువా మార్చుడు. ఫుట్‌బాల్‌లోనూ మెడలో వేసుకునేది కండువానే కాబట్టి ఈ మాట ఎక్కడా అతుకు కనిపించకుండా సరిపోతుంది. ఫిగో 2000లో కండువా మార్చాడు, 2002లో పాత గ్రౌండ్‌కు వస్తే జనం పంది తల విసిరారు. కోపం నాకు అర్థమవుతుంది, పంది తల మాత్రం తప్పే. డెనిస్ లా కూడా మాంచెస్టర్ యునైటెడ్‌లో 11 ఏళ్ళు ఆడి, అదే ఊళ్ళోని శత్రు క్లబ్బు మాంచెస్టర్ సిటీకి వచ్చినవాడే, 1974లో పాత క్లబ్బు మీద మడమతో గోల్ కొట్టి, ముఖం వేలాడేసుకొని గ్రౌండ్ విడిచిపోయాడు. ఆ రోజు యునైటెడ్ కింది డివిజన్‌కు పడిపోయింది, ఆ గోల్ లేకపోయినా మిగతా ఫలితాల వల్ల పడిపోయేదే. కండువా మారినా మనిషి మారలేదు. ఫిగోకూ లాకూ ఒకే మాట వాడడం నాకు ఒప్పదు. లా వంటివాళ్ళకు సరైన మాట ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, నేను వాడతాను.

జవాబు, మంచిర్యాల నుంచి: సరే, నకరాలు వెనక్కి తీసుకుంటున్నా. కానీ మీరు మొదట్లో అడిగిన గోల్‌కీపర్ డైవ్ సంగతి తేలలేదు. దానికి కూడా మన మాట ఉండాలి కదా?

ఉంది అక్కా, ‘దుంకుడు’. కీపర్ దుంకిండు, ఫార్వర్డ్ దొంగ పడుడు పడ్డడు. ఈ ఆదివారం సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పిల్లల ముందు రెండూ వాడి చూస్తాను, వాళ్ళ నోట్లో నిలుస్తాయో లేదో వచ్చి ఇక్కడే రాస్తా.