‘బ్రేక్‌ఫాస్ట్ క్లబ్’ అయిదుగురూ ఆ తర్వాత ఏం చేశారు?

పాతరీలు:
1985లో వచ్చిన జాన్ హ్యూస్ సినిమా ‘ద బ్రేక్‌ఫాస్ట్ క్లబ్’ నటుల మీద వ్యాసం రాయాలి, సాయం చేయండి. కుస్తీ ఆటగాడుగా ఎమిలియో ఎస్టెవెజ్, డబ్బున్న అమ్మాయిగా మాలీ రింగ్‌వాల్డ్, పోకిరీగా జడ్ నెల్సన్, నోరు విప్పని పిల్లగా ఆలీ షీడీ, పుస్తకాల పురుగుగా ఆంథనీ మైకేల్ హాల్. ఎక్కడ చదివినా వీళ్లంతా తర్వాత కనుమరుగయ్యారనే ఉంటుంది. తీరా ఫిల్మోగ్రఫీ తెరిస్తే ఒక్కొక్కరి కింద పదుల కొద్దీ పేర్లు. వీటిలో ఏది అసలైన పని, ఏది లెక్క కోసం ఉన్నది? ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆఖరివరుస:
ముందు వయసులు రాసుకోండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది. షూటింగ్ జరిగిన 1984లో నిజంగా బడి వయసు పిల్లలు ఇద్దరే. రింగ్‌వాల్డ్, హాల్ ఇద్దరూ 1968లో పుట్టారు, అంటే పదహారేళ్లు. ఎస్టెవెజ్, షీడీ 1962లో పుట్టారు, నెల్సన్ 1959లో. ఈ ముగ్గురూ అప్పటికే పెద్దవాళ్లు. కాబట్టి ఆ ముగ్గురూ వెంటనే పెద్దల పాత్రల్లోకి మారిపోగలిగారు. 1985 జూన్‌లో విడుదలైన ‘సెయింట్ ఎల్మోస్ ఫైర్’లో కాలేజీ చదువు ముగించినవాళ్లుగా కనిపిస్తారు. రింగ్‌వాల్డ్, హాల్ ఆ సినిమాలో లేరు. అయిదుగురూ ఉన్నారని చాలామంది రాస్తుంటారు, మీరు ఆ పొరపాటు చేయకండి.

రెండోది ‘బ్రాట్ ప్యాక్’ అన్న ముద్ర. 1985 జూన్‌లో న్యూయార్క్ మ్యాగజైన్‌లో డేవిడ్ బ్లమ్ రాసిన కథనంతో అది పుట్టింది. మొదట ఎస్టెవెజ్ ఒక్కడి మీద రాయాలని వెళ్లి, అతని చుట్టూ ఉన్న కుర్ర నటులందరినీ ఒకే గాటన కట్టేశాడు. ఆ పేరులో ‘గారాబంతో చెడిన పిల్లలు’ అన్న ఎత్తిపొడుపు ఉంది. నటన మీద పట్టుదల ఉన్న మనుషులకు అది తగిలిన తీరు అర్థం కావాలంటే ఆ ముద్ర పడ్డ నటుల్లో ఒకడైన ఆండ్రూ మెకార్తీ 2024లో తీసిన ‘బ్రాట్స్’ డాక్యుమెంటరీ చూడండి. ఎస్టెవెజ్, షీడీ అందులో మాట్లాడారు.

తెరవెనక:
హాల్ గురించి విడిగా చెప్పాలి. కనుమరుగయ్యాడన్న మాట అందరికంటే తక్కువగా వర్తించేది అతనికే. పదిహేడేళ్లకు టీవీ హాస్య కార్యక్రమం ‘సాటర్డే నైట్ లైవ్’ 1985–86 సీజన్‌లో చేరాడు. ఆ షో బృందంలో అంత చిన్నవయసు వాడు అంతకుముందూ లేడు, తర్వాతా రాలేదు. ఒక్క సీజన్‌తో బయటికి వచ్చేశాడు. ఆపైన చిక్కు తెచ్చింది శరీరమే. బక్కపలచటి కుర్రాడు రెండు మూడేళ్లలో ఎత్తూ లావూ పెరిగి భుజాలు తిరిగిన మనిషయ్యాడు. పేరు తెచ్చిన మూస ఇక అతనికి పట్టదు. దాన్ని తిప్పికొట్టి వాడుకున్న సినిమా ‘ఎడ్వర్డ్ సిజర్‌హ్యాండ్స్’ (1990): పాత సినిమాల్లో దెబ్బలు తినే రకం పిల్లాడు, ఇందులో అమాయకుణ్ణి ఏడిపించే దుర్మార్గుడు.

అసలు మలుపు టెలివిజన్. 1999లో ‘పైరేట్స్ ఆఫ్ సిలికాన్ వ్యాలీ’లో బిల్ గేట్స్‌గా చేశాడు. నత్తి నత్తిగా, వంగిన భుజాలతో మొదలై పోనుపోను ఎదుటివాడి అవసరాన్ని పసిగట్టే వ్యాపారిగా మారడం చూడండి. తర్వాత ‘ద డెడ్ జోన్’: 2002 నుంచి 2007 దాకా ఆరు సీజన్లు, 80 భాగాలు, కథానాయకుడు అతనే. అన్నేళ్లు ఒక సీరీస్‌ను భుజాన మోసినవాణ్ణి పట్టుకుని ‘ఏమైపోయాడో’ అనడం అన్యాయం. ‘ద డార్క్ నైట్’లో (2008) టీవీ విలేకరి కూడా అతనే, చిన్న పాత్ర కావడంతో చాలామంది గుర్తుపట్టరు.

నెల్సన్ మీద తేల్చి చెప్పడం కష్టం. 1987 టీవీ చిత్రం ‘బిలియనేర్ బాయ్స్ క్లబ్’కు గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ వచ్చింది. ‘న్యూ జాక్ సిటీ’లో (1991) పోలీసు పాత్ర బాగా కుదిరింది. ‘సడెన్లీ సూజన్’లో మూడు సీజన్లు చేసి వెళ్లిపోయాడు. 1986 ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ యానిమేషన్ సినిమాలో హాట్ రాడ్‌కు గొంతు అతనిదే.

ఆఖరివరుస:
షీడీ దగ్గర తొందరపడకండి. ఆమె జాబితా పైపైన చూస్తే 1986 ‘షార్ట్ సర్క్యూట్’ తర్వాత అంతా దిగుడుగానే కనిపిస్తుంది. మధ్యలో 1998 దగ్గర ఆగండి. లీసా కొలొడెంకో తీసిన ‘హై ఆర్ట్’లో మత్తుమందులకు లోబడి కెమెరా పక్కన పెట్టేసిన ఫొటోగ్రాఫర్ లూసీ బెర్లినర్‌గా చేసింది. ఇండిపెండెంట్ స్పిరిట్ అవార్డు, అమెరికా జాతీయ విమర్శకుల సంఘం అవార్డు ఆమెకే వచ్చాయి. లాస్ ఏంజెలెస్ విమర్శకుల అవార్డును ఫెర్నాండా మాంటెనెగ్రోతో పంచుకుంది. నా దృష్టిలో అయిదుగురిలో ఎవరూ చేయనంత గొప్ప నటన అది. ‘బ్రేక్‌ఫాస్ట్ క్లబ్’లో మొదటి అరగంటకు పైగా ఆమెకు దాదాపు మాటలే లేవు, అంతా చూపులూ చేతులూ. ఆ పనితనమే ఇక్కడ పండింది. రెండూ వెంట వెంటనే చూస్తే తెలుస్తుంది.

రింగ్‌వాల్డ్‌ది వేరే దారి. 1986 మేలో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద ఉన్న అమ్మాయి, 1990ల మొదట్లో ఫ్రాన్స్ వెళ్లిపోయింది. చాలామంది దీన్ని ‘అవకాశాలు పోయాక పారిపోవడం’ అని రాస్తారు. అక్కడ పట్టుబడిన భాష తర్వాత ఆమెకు రెండో వృత్తి అయింది. ఫిలిప్ బెసాన్ నవలను ఫ్రెంచి నుంచి ‘లై విత్ మీ’గా ఇంగ్లీషు చేసింది (2019). తన సొంత కథల పుస్తకం 2012లో, జాజ్ పాటల ఆల్బమ్ 2013లో వచ్చాయి. తెర మీద ఒక జత గమనించండి: 1988 ‘ఫర్ కీప్స్’లో గర్భవతి అయిన హైస్కూలు అమ్మాయి ఆమె. ఇరవై ఏళ్లకు, 2008లో మొదలైన ‘ద సీక్రెట్ లైఫ్ ఆఫ్ ది అమెరికన్ టీనేజర్’లో గర్భవతి అయిన అమ్మాయికి తల్లి ఆమె. వ్యాసానికి ఇంతకన్నా మంచి వంతెన దొరకదు.

ఇంకొకటి, ఆమె 2018 ఏప్రిల్‌లో న్యూయార్కర్‌కు రాసిన వ్యాసం తప్పక చదవండి. హ్యూస్ మీద కృతజ్ఞత చెబుతూనే, బల్ల కింద పోకిరీ ఆమె పాత్రను అవమానించే సన్నివేశాన్ని ఇప్పుడు ఎలా చూడాలో సూటిగా అడిగింది. ఆ ఒక్క షాటుకు, ఆమె మైనరు కనుక, వయసు వచ్చిన వేరే స్త్రీని పెట్టారు.

పాతరీలు:
చాలా ఉపయోగం. ఎస్టెవెజ్ గురించి ఎవరూ చెప్పలేదు. అతనూ నటన తగ్గించేశాడుగా?

తెరవెనక:
తగ్గించాడు, కానీ కావాలని. 24 ఏళ్లకే ‘విజ్‌డమ్’ (1986) రాసి, దర్శకత్వం వహించి, నటించాడు. సినిమా నిలబడలేదు. ‘యంగ్ గన్స్’ (1988), ఆపైన 1992, 94, 96లలో వచ్చిన మూడు ‘మైటీ డక్స్’ సినిమాలు జనంలో నిలబెట్టాయి. ఆ తర్వాత మనసంతా దర్శకత్వం మీదే. రాబర్ట్ కెనడీ హత్య జరిగిన హోటల్లో ఆ ఒక్కరోజు కథ ‘బాబీ’ (2006), ఉత్తమ డ్రామా చిత్రంగా గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ దాకా వెళ్లింది. ‘ద వే’లో (2010) కన్నతండ్రి మార్టిన్ షీన్‌ను స్పెయిన్ యాత్రా మార్గంలో కొడుకు బూడిద మోసుకుంటూ నడిచే తండ్రిగా చూపించాడు, ఆ కొడుకు పాత్ర తానే వేశాడు. ‘ద పబ్లిక్’ (2018), ‘బ్రేక్‌ఫాస్ట్ క్లబ్’ లాగే, ఒక లైబ్రరీలోనే నడుస్తుంది. దర్శకుడిగా అతని జాబితా వేరే తీయండి, నటుడి జాబితాలో కలిపితే ఖాళీ సంవత్సరాలు కనిపిస్తాయి. టైటిల్స్‌లో పేరు లేకుండా చేసినవీ ఉంటాయి: 1996 ‘మిషన్: ఇంపాజిబుల్’ మొదట్లోనే చనిపోయే సభ్యుడు అతనే.

లెక్క తీసేటప్పుడు నాలుగు గడులు గీసుకోండి: సంవత్సరం, మాధ్యమం, పాత్ర స్థాయి, ఎన్ని భాగాల్లో ఉన్నారు. ‘హోమ్ అలోన్ 2’లో విమానాశ్రయం టికెట్ల దగ్గర షీడీ, ‘నాట్ అనదర్ టీన్ మూవీ’లో ఎయిర్‌హోస్టెస్‌గా రింగ్‌వాల్డ్ లాంటివి కాసేపటి పలకరింపులు, వాటిని పక్కన పెట్టండి. ఎనభై భాగాల సీరీస్ కూడా, ఒక నిమిషం పాత్ర కూడా ఫిల్మోగ్రఫీలో ఒక్కొక్క వరుసే. అందరూ మోసపోయేది అక్కడే.

పాతరీలు:
హ్యూస్‌తో మళ్లీ ఎవరైనా పనిచేశారా? అయిదుగురూ కలిసిన ఫొటో ఏదైనా ఉందా?

ఆఖరివరుస:
ముగ్గురు. హాల్ ‘వియర్డ్ సైన్స్’లో (1985), రింగ్‌వాల్డ్ ‘ప్రెటీ ఇన్ పింక్’లో (1986). రెండోది హ్యూస్ రాశాడంతే, దర్శకుడు హొవార్డ్ డాయిచ్. షీడీ నటించిన ‘ఓన్లీ ద లోన్లీ’కి (1991) హ్యూస్ నిర్మాత. ఫొటో దగ్గర జాగ్రత్త. హ్యూస్ 2009 ఆగస్టులో పోయాక, 2010 మార్చి ఆస్కార్ వేదిక మీద నివాళి ఇచ్చినవాళ్లలో ఎస్టెవెజ్ లేడు. ఆ ఫొటో కింద ‘అయిదుగురూ’ అని రాయకండి. అయిదుగురూ ఒకే వేదిక ఎక్కింది 2025 ఏప్రిల్‌లో, షికాగోలో, సినిమాకు నలభై ఏళ్లు నిండిన సందర్భంలో. మీకు కావలసింది ఆ ఫొటో.