తమ్ముడు 'వెల్‌కమ్ టు ది ఎన్.హెచ్.కె.' చూడమని పంపాడు, ఎవరైనా చూశారా?

బ్రాడీపేట_అన్న:

మాది గుంటూరు. మా తమ్ముడికి బీటెక్ అవగానే ఆఫర్ లెటర్ వచ్చింది, జాయినింగ్ డేట్ వాయిదా పడుతూ పడుతూ చివరికి ఆ ఆఫరే రద్దు చేశారు. అప్పటినుంచి మెల్లగా గదికే పరిమితమైపోయాడు. మొదట్లో సాయంత్రాలు ఫ్రెండ్స్‌తో టీకి వెళ్లేవాడు, తర్వాత వాళ్లకి ఉద్యోగాలొచ్చి హైదరాబాద్, బెంగళూరు వెళ్లిపోయారు, వీడు ఫోన్లు ఎత్తడం మానేశాడు, ఇప్పుడైతే అందరం పడుకున్నాక వంటింట్లోకి వచ్చి తిని మళ్లీ తలుపేసుకుంటాడు. చుట్టాలుంటే అదీ లేదు. కోపం లేదు, ఎదురు చెప్పడం లేదు, అసలు మాటే లేదు.

మొన్న రాత్రి పక్క గదిలోంచే వాట్సాప్‌లో ఈ పేరు పంపాడు. కింద ఇంకేమీ రాయలేదు. వెతికితే ఇల్లు కదలని కుర్రాడి కథ అని తెలిసింది. నాకు యానిమే (జపాన్ కార్టూన్ సిరీస్‌లు) అలవాటు లేదు. చూసినవాళ్లు చెప్పండి, ఇందులో ఏముంది, వాడు ఏం చెప్పాలని పంపి ఉంటాడు, నేను తిరిగి ఏమని రాయాలి? నాన్నేమో రాత్రికి వాడికోసం అన్నం తీసి ఉంచడం ఆపేయండి, వాడే బయటికొస్తాడు అంటున్నారు. అమ్మ ఒప్పుకోవట్లేదు. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

బెజవాడ_ఫ్రేమ్స్:

బ్రో, నేను దీన్ని మొత్తం చూశాను, మళ్లీ మళ్లీ చూశాను కూడా. వాడు నీకే పంపాడంటే నీతో మాట్లాడాలని ఉందన్నమాటే, ముందు ఆ సంగతి పట్టుకో.

2006లో వచ్చిన సిరీస్, 24 ఎపిసోడ్లు, గోంజో స్టూడియో తీసింది. తత్సుహికో తకిమోతో అనే రచయిత 2002 నవల దీనికి మూలం, ఆయన తనూ అలా గదిలో ఉండిపోయినవాణ్నేనని చెప్పుకున్నాడు, అందుకే కథలో బయటి నుంచి చూసి జాలిపడే ధోరణి ఉండదు. హీరో సాటోకి 22 ఏళ్లు, కాలేజీ మధ్యలో మానేసి ఒక్కడే చిన్న గదిలో ఉంటాడు, ఇంటి నుంచి వచ్చే డబ్బుతో బతుకుతుంటాడు. తన ఈ స్థితికి కారణం ఎన్.హెచ్.కె. అనే రహస్య సంస్థ అని నమ్ముతాడు. జపాన్‌లో ఆ పేరుతో నిజంగా ఉన్నది ప్రభుత్వ రంగ టీవీ ప్రసార సంస్థ, వీడి ఊహలో మాత్రం అది జనాన్ని గదుల్లో బంధించే కుట్ర. వినడానికి పిచ్చిగా ఉంటుంది కానీ చూస్తుంటే అర్థమవుతుంది, 'నేనే ఇలా అయ్యాను' అని ఒప్పుకోవడం కంటే 'నన్ను ఎవరో ఇలా చేశారు' అనుకోవడం వాడికి ఊపిరాడేలా చేస్తుంది.

మిసాకి అనే అమ్మాయి వచ్చి నిన్ను మారుస్తాను, అగ్రిమెంట్ మీద సంతకం పెట్టు అంటుంది. రాత్రిపూట పార్కులో కూర్చోబెట్టి పాఠాలు చెబుతుంది. నాకు సిరీస్‌లో బాగా నచ్చింది ఏంటంటే ఆ పాఠాల వల్ల వాడేమీ మారిపోడు. ఆ అమ్మాయి బతుకూ అంతంతమాత్రమే, తనకంటే కింద ఉన్న మనిషి ఒకడు కావాలని వెతుక్కుంటూ వచ్చింది. పక్క గదిలో యమజాకి అని స్కూల్ రోజుల జూనియర్ ఉంటాడు, ఇద్దరూ కలిసి కంప్యూటర్ గేమ్ తయారు చేద్దామని మొదలుపెడతారు. అది గొప్పగా రాదు. కానీ సాటో ఆ రోజుల్లో పొద్దున్నే లేవడానికి ఒక కారణం అంటూ ఉంటుంది.

వాళ్లమ్మ ఊరి నుంచి చూడ్డానికి వస్తున్నానంటే సాటో పడే కంగారు చూడు. ఉద్యోగం ఉందని, గర్ల్‌ఫ్రెండ్ ఉందని అబద్ధాలు చెప్పి ఉంటాడు, ఆవిడ వచ్చేలోపు అవన్నీ నిజం చేసి చూపించాలి. మన ఇళ్లల్లో పెళ్లికి వెళ్లినప్పుడల్లా 'బాబు ఏం చేస్తున్నాడు' అని అడుగుతారు చూడు, ఆ ప్రశ్నకి భయపడి ఎంతమంది ఏమేం చెబుతుంటారో.

రెండు జాగ్రత్తలు. పెద్దవాళ్లకే తగిన మాటలు, అడల్ట్ గేమ్స్ గోల చాలా ఉంది, హాల్లో అమ్మానాన్నల ముందు పెట్టొద్దు. 13, 14 ఎపిసోడ్లలో ఆత్మహత్య విషయం నేరుగా వస్తుంది, చివర్లో కూడా. ఆ భాగాలు తేలిగ్గా చూసేవి కావు.

యార్డు_రోడ్:

నేను వేరే మాట చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. నేనూ ఈ సిరీస్ చూశాను. సాటో చివరికి ఎలా బయటికొచ్చాడు? మిసాకి పాఠాలతో కాదు, యమజాకి స్నేహంతో కాదు. యమజాకి హొక్కైడోలో వాళ్ల పొలానికి వెళ్లిపోతాడు, ఇంటి నుంచి డబ్బు ఆగిపోతుంది, తినడానికి లేక సాటో రోడ్డు మీద ట్రాఫిక్ నియంత్రించే కూలిపనికి వెళ్తాడు. కథ రాసినవాడే అది తేల్చాడు. తిండి, నెట్, ఏసీ అన్నీ గదికి అందుతుంటే ఏ మనిషైనా ఎందుకు కదులుతాడండి.

మా పెదనాన్న కొడుకు కూడా గ్రూప్స్ కోచింగ్ అని ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉండిపోయాడు. మా బాబాయి మిర్చి యార్డులో తన కమిషన్ కొట్టుకి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు, బస్తాలు లెక్క రాయమన్నాడు. సీజన్‌లో తెల్లవారుజామునే లారీలు వస్తాయి, ఇక గదిలో కూర్చునే తీరికెక్కడ. ఇప్పుడు లెక్కలన్నీ తనే చూస్తున్నాడు. మీ నాన్నగారు చెప్పింది మరీ తీసిపారేయాల్సింది కాదు.

కృష్ణలంక_అక్క:

యార్డు_రోడ్ గారూ, మీ తమ్ముడు బాగుపడ్డందుకు నిజంగా సంతోషం. కానీ మీరు చెప్పిన దాంట్లోనే జవాబుంది. మీ బాబాయి ఆ అబ్బాయికి అన్నం ఆపలేదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, చేయగలిగిన పని ఇచ్చి, పక్కన ఉన్నారు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

సిరీస్ విషయానికొస్తే, ఆకలితో పనికి వెళ్లిన సాటో, మొదటి ఎపిసోడ్‌లో ఇంట్లో ఫర్నిచర్ తనతో మాట్లాడుతోందని అనుకున్న సాటో ఒకే మనిషి కాదు. మధ్యలో యమజాకి ఉన్నాడు, మిసాకి ఉంది, స్కూల్ రోజుల సీనియర్ అమ్మాయి ఉంది, ఎవరో ఒకరు తలుపు కొడుతూనే ఉన్నారు. ఇంకోటి, సాటో కొంతమందితో కలిసి ఒక దీవికి వెళ్లిన ఎపిసోడ్ గుర్తు తెచ్చుకోండి. అది ఏదో షికారు అనుకుని వెళ్లిన సాటో అక్కడికి వచ్చినవాళ్లంతా చనిపోవడానికి వచ్చారని తెలిశాక, ఒక దశలో తనూ ఆ అంచు దాకా వెళ్తాడు. ఒంటరిగా ఉన్నవాడికి తిండి ఆపితే రోడ్డు మీదికి పనికి వెళ్తాడో, ఆ అంచుకే వెళ్తాడో మీరు గానీ నేను గానీ ముందే చెప్పగలమా? ఒక కథలో జరిగిందని పక్కింటి పిల్లాడి మీద ఆ పందెం కట్టకూడదు.

నేను విజయవాడలో కౌన్సెలింగ్ పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా. జపాన్‌లో వీళ్లని హికికొమొరి అంటారు, ఆరు నెలలకు మించి ఇంటికే పరిమితమై ఉంటే అలా లెక్కిస్తారు. అక్కడి కేబినెట్ ఆఫీస్ 2023లో వెల్లడించిన సర్వే అంచనా ప్రకారం 15 నుంచి 64 ఏళ్ల మధ్యవాళ్లు సుమారు 14.6 లక్షల మంది ఉన్నారు. అందులో నడివయసువాళ్లూ చాలామంది, 80ల్లో ఉన్న తల్లిదండ్రులు 50ల్లో ఉన్న కొడుకుల్ని సాకుతున్న ఇళ్లు అక్కడ పెద్ద సమస్య అయిపోయాయి. 1998లో దీని మీద పుస్తకం రాసిన సైకియాట్రిస్ట్ తమాకి సైతో గమనించింది ఏంటంటే, పిల్లాడు ఇంట్లోవాళ్ల నుంచి తెగిపోతాడు, సిగ్గుతో ఇంట్లోవాళ్లు కూడా బంధువుల నుంచి, సమాజం నుంచి తెగిపోతారు, ఇక ఏ వైపు నుంచీ దారి ఉండదు. అందుకే సాయం తల్లిదండ్రుల దగ్గర మొదలుపెట్టాలి. అన్నయ్యా, మీ అమ్మ కూడా ఫంక్షన్లకి వెళ్లడం తగ్గించిందేమో చూడు. ఆవిణ్ని వెళ్లమను. ఎవరైనా అడిగితే 'ఇంట్లోనే ఉన్నాడు, ఒంట్లో బాలేదు, చూపిస్తున్నాం' అని చెప్పమను.

గదిలో ఉండిపోవడం దానికదే జబ్బు కాదు, కానీ లోపల డిప్రెషన్ ఉండొచ్చు, సోషల్ యాంగ్జైటీ ఉండొచ్చు, మరొకటి మొదలవుతుండొచ్చు. అది తేల్చాల్సింది డాక్టరే. వాడు రానంటే మీరు ముందు వెళ్లండి. గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ ఆసుపత్రి) సైకియాట్రీ విభాగం ఉంది, ఇంట్లోవాళ్లే వెళ్లి సలహా అడగొచ్చు. మానసిక సాయం కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఏ టైంలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు, ఫోన్ మీరు చేసినా సరే.

చనిపోవాలనిపిస్తోందా అని వాడిని సూటిగా అడుగు. అడిగితే ఆ ఆలోచన తలలోకి ఎక్కించినట్టవుతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు. అవునంటే మాత్రం ఆ రాత్రి వాడిని ఒంటరిగా వదలకు, ఆలస్యం చేయకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్లు.

బ్రాడీపేట_అన్న:

అందరికీ చాలా థాంక్స్. మూడు ఎపిసోడ్లు చూశాను. 'చూస్తున్నా, పక్క గదిలో పాట పెద్దగా పెట్టేవాడు తగిలాడు' అని మెసేజ్ పెడితే, చాలాసేపటికి 'వాడే యమజాకి, వాడు నీకు నచ్చుతాడు' అని జవాబిచ్చాడు. ఇన్ని నెలల్లో వాడు నాకు రాసిన పెద్ద వాక్యం అదే. అన్నం విషయం నాన్నతో మాట్లాడాను, అక్కగారు రాసింది చదివి వినిపించాను. పూర్తిగా ఒప్పుకోలేదు గానీ డాక్టర్ దగ్గరికి తనూ వస్తానన్నారు. సోమవారం జీజీహెచ్‌కి మేమిద్దరం వెళ్తున్నాం. ఇంకో సందేహం, మిగతా ఎపిసోడ్లు వాడితో కలిసి చూద్దామని అడగనా? ముందే ఒత్తిడి చేసినట్టవుతుందా?

కృష్ణలంక_అక్క:

అడుగు, కానీ వద్దంటే మళ్లీ అడగకు, నీ పాటికి నువ్వు చూస్తూ మెసేజ్‌లు పెడుతూ ఉండు. 'ఎప్పుడు బయటికొస్తావు, ఉద్యోగం సంగతేంటి' లాంటివి ఆ సంభాషణలోకి రానివ్వకు, అది మీ ఇద్దరి సిరీస్ మాటల కోసమే ఉంచు. చనిపోయే ఆలోచన గురించి మాత్రం ఎదురుగా కూర్చుని అడుగు, మెసేజ్‌లో కాదు, సోమవారం దాకా ఆగకు.

బెజవాడ_ఫ్రేమ్స్:

13కి వచ్చేలోపు కలిసి చూసే దాకా వస్తే బాగుంటుంది. రాకపోతే ఆ రెండూ నువ్వు ముందు చూసేసి, ఆ రాత్రి వాడిని పలకరించు. డౌట్స్ ఉంటే ఇక్కడే రాయి, నేను రాత్రుళ్లు మెలకువగానే ఉంటా.